ఆదివారం పడమటి ప్రయాణం

పెద్ద హోటల్లో గది తీసుకునేటప్పుడు లిఫ్టు పక్క గది వద్దని ముందే చెప్పండి. అంతకంటే ముఖ్యం, ఆ అంతస్తులో దుప్పట్లూ తువ్వాళ్ళూ పెట్టుకునే స్టోర్‌రూమ్ ఎటువైపు ఉందో కనుక్కుని, దానికి దూరంగా రెండో చివర గది అడగండి. పొద్దున్న ఏడయ్యేసరికి అక్కడ ట్రాలీలు కదులుతాయి, తలుపులు దబదబ పడతాయి, అంత డబ్బు పోసి కొనుక్కున్న నిద్ర కాస్తా ఎగిరిపోతుంది. నాకెలా తెలుసంటారా? ఆ ట్రాలీ తోసింది నేనే.

నా పేరు భానుశ్రీ. సిడ్నీ నడిబొడ్డున ఒక ఐదు నక్షత్రాల హోటల్లో పదమూడేళ్ళుగా హౌస్‌కీపింగ్‌లో ఉన్నాను. మొదట్లో గదులు సర్దేదాన్ని, ఇప్పుడు సర్దేవాళ్ళకి సూపర్‌వైజర్ని. గుంటూరులో చదివిన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఏమైందని అడగకండి, బాత్రూమ్ అద్దం మీద మరక ఏ మందుకి పోతుందో చెప్పడానికి పనికొస్తోంది. ఎడ్మండ్‌సన్ పార్కు అని మేముండే పేట, అక్కడ మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరు యూరప్ బయల్దేరినా ముందు నన్నే అడుగుతారు. విసుక్కుంటూనే అన్నీ చెప్తాను. బుకింగ్ సైట్లో కాదు, హోటల్‌కే నేరుగా ఈమెయిల్ రాయండి, వారం ముందు, మూడే మూడు వాక్యాలు. మంచం మీద అందానికి పెట్టే రంగురంగుల దిళ్ళు ముందు తీసి కుర్చీలో పడెయ్యండి, వాటిని రోజూ ఎవరూ ఉతకరు. గది బాగా శుభ్రం కావాలంటే పదింటికల్లా బయటికి పోండి. మధ్యలో వచ్చి గుమ్మంలో నిలబడ్డారా, సర్దే అమ్మాయి కంగారులో సగం పని వదిలేస్తుంది.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగరు, నేనూ చెప్పను. అలాంటి హోటల్లో నేను ఒక్క రాత్రి కూడా అతిథిగా పడుకోలేదు.

సెలవులకి ఎక్కడికీ వెళ్ళలేదని కాదు. వెళ్ళాం. వంటగది ఉన్న ఇల్లు చూసి తీసుకుంటాం, కారు డిక్కీలో ముందు రైస్ కుక్కర్ ఎక్కుతుంది, దాని వెనక గోంగూర పచ్చడి ఎక్కుతుంది. అక్కడా వంట నాదే, అక్కడా పక్కలు వేసేది నేనే. సముద్రం ఒక్కటే కొత్త. ఈ ఏడు మా పెళ్ళికి పాతికేళ్ళు నిండాయి, మా ఆయన ఏం కావాలని అడిగితే ఒక్కటే చెప్పాను. ఇంకొకరు వేసిన పక్క మీద పడుకోవాలి. పొద్దున్న లేచి దాన్ని చిందరవందరగా అలాగే వదిలేసి వెళ్ళిపోవాలి, తిరిగొచ్చేసరికి అది సర్ది ఉండాలి. అయిదు రాత్రులు, అంతే.

వియన్నా ఎందుకంటే, మా హోటల్ డెస్కులో పనిచేసే పెద్దాయన సొంత ఊరు అది. స్టాఫ్ భోజనాల గదిలో పక్కన కూర్చుని మూడేళ్ళుగా ఆ ఊరి గురించి నాకు నూరిపోశాడు. అక్కడ కాఫీహౌస్‌లో ఒక్క కాఫీ చెప్పి మూడు గంటలు కూర్చోవచ్చట, లెమ్మని ఎవరూ అనరట. కాఫీతో పాటు చిన్న వెండి పళ్ళెంలో గ్లాసు మంచినీళ్ళు పెడతారు, బిల్లు మనం అడిగే దాకా తేరు, తేలేదని కోపం తెచ్చుకోకూడదు. పేరున్న రెస్టారెంటుకి రాత్రి కాకుండా మధ్యాహ్నం వెళ్ళాలి, అదే వంట సగం ధరకి పెడతారు. ఊరు చూడ్డానికి టూరిస్టు బస్సు దండగ, ఒకప్పుడు కోట గోడ ఉన్న చోట గుండ్రంగా తిరిగే మామూలు ట్రామ్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. హోటల్ కూడా ఆయనే చెప్పాడు, నాలుగో అంతస్తులో, స్టోర్‌రూమ్‌కి ఆ చివర గది.

ఇక మా ఆయన. పేరు విజయభాస్కర్. ఐటీ కాంట్రాక్టర్, ఆరు నెలలకొక ఆఫీసు. యాభై నాలుగేళ్ళు వచ్చాయి, కంప్యూటర్లలో ప్రపంచమంతా చూస్తాడు, ఫోనులో మాత్రం పంచాంగం యాప్ చూడనిదే గడప దాటడు. మా ఫ్లైటు ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి. ఆదివారం పడమటి దిక్కుకి వారశూల, వెళ్ళకూడదన్నాడు. యూరప్ పడమరే కదా. టికెట్ మార్చడం కుదరదన్నాను. అయితే ప్రస్థానం పెడదాం అన్నాడు.

ప్రస్థానం అంటే తెలియనివాళ్ళకి చెప్తాను. మంచిరోజు చూసి, మన సామాన్లో ఒక సంచిని ముందే గడప దాటించి వేరేవాళ్ళింట్లో పెడతారు. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. అసలు రోజున దారిలో ఆ సంచి తీసుకుని పోవడమే, మళ్ళీ ఇంటికి తీసుకురాకూడదు. మా అత్తగారు కాశీకి వెళ్ళేటప్పుడు రెండు చీరలు పెట్టింది. మా ఆయన ఏం పెట్టాడో తెలుసా? రెండు పాస్‌పోర్టులు.

"పోయి పోయి పాస్‌పోర్టులు పెడతారా ఎవరైనా?" అన్నాను.

"ప్రస్థానం అంటే ఉత్తుత్తి సంచి కాదు భానూ. జర్నీకి ఏది మెయిన్ ఐటమో అది ఉండాలి. మీ గ్రూపు శాంతి వాళ్ళిల్లే కదా, రెండు వీధుల అవతల."

గురువారం పొద్దున్న చిన్న నల్ల సంచిలో పాస్‌పోర్టుల పౌచ్, ఇద్దరివీ ఒక జత బట్టలు పెట్టి శాంతి వాళ్ళింట్లో పెట్టి వచ్చాడు. పాతికేళ్ళుగా వాదిస్తున్నాను, ఆ రోజు ఓపిక లేక ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నా కొంప ముంచింది.

ఆదివారం పొద్దున్న అయిదింటికే మెలకువ వచ్చేసింది. సూట్‌కేసులు మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూశాను. సాయంత్రం అయిదింటికి బయల్దేరి, శాంతి ఇంటి దగ్గర ఆగి సంచి తీసుకుని ఎయిర్‌పోర్టుకి పోవాలని అనుకున్నాం. అయిదెప్పుడవుతుందా అని కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. పన్నెండింటికి శాంతికి మెసేజ్ పెట్టాను, చూడలేదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంకోసారి, ఇంకోసారి.

"సండే కదా, పడుకుని ఉంటుందిలే," అన్నాడు మా ఆయన టీవీ ముందు నుంచి.

చెప్పులేసుకుని వాళ్ళింటికి నడిచాను. బెల్లు కొట్టాను, తలుపు బాదాను. గరాజ్ తలుపు మీది సందులోంచి చూస్తే లోపల కారు లేదు. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. నాకు తెలిసిపోయింది, ఏదో జరిగింది, నా అయిదు రాత్రులు పోతున్నాయి.

ఒకటీ నలభైకి శాంతి ఫోన్ చేసింది, ఏడుపు గొంతుతో.

"భానక్కా, సారీ అక్కా. చెల్లికి ఎర్లీగా పెయిన్స్ వచ్చాయంటే పొద్దున్నే గంగాలిన్ వచ్చేశాం. హాస్పిటల్లో ఫోన్ సైలెంట్‌లో పెట్టా. బేబీ బాగానే ఉంది."

"చల్లగా ఉండాలి తల్లీ. మా సంచి ఎక్కడుంది?"

"శనివారం కార్పెట్ క్లీనింగ్ వాళ్ళు వస్తే హాల్లో సామానంతా తీశా. మీ బ్యాగ్ కార్ డిక్కీలో పెట్టా. అది ఇక్కడే ఉందక్కా."

గంగాలిన్ కాన్‌బెర్రాలో ఉంది, మాకు దాదాపు మూడు గంటల దారి. మనిషి మంచిది, డాక్టరు చెల్లెల్ని చూసి వెళ్ళగానే బయల్దేరతానంది. గోల్‌బర్న్‌లో పెద్ద గొర్రె బొమ్మ పక్కన పెట్రోలు బంకు ఉంది, అక్కడ కలుద్దామనుకున్నాం. ఇంటికి పరిగెత్తుకొచ్చి మా ఆయన్ని లేపి, రెండు సూట్‌కేసులూ కారులోకి ఎత్తించాను. అటునుంచి అటే ఎయిర్‌పోర్టుకి. ఆయన తన లాప్‌టాప్ బ్యాగు కూడా భుజాన వేసుకున్నాడు.

"హాలిడేకి లాప్‌టాప్ ఎందుకండీ?"

"ఊరికే. సినిమాలు చూసుకోవచ్చు."

నేను పట్టించుకోలేదు. నా ధ్యాసంతా గడియారం మీదే ఉంది.

హైవే మీద నూట పది దాటనివ్వడు ఆ మనిషి. పక్కన లారీలు కూడా మమ్మల్ని దాటిపోతున్నాయి. నా చేతులు ఊరుకోవడం లేదు, సీటు బెల్టు లాగుతూ వదులుతూ కూర్చున్నాను. మనసు మళ్ళించుకుందామని నోటుబుక్కు తీసి పైకి చదవడం మొదలుపెట్టాను. ఆపెరాకి నిలబడి చూసే టికెట్లు ఉంటాయి, చవక, ముందే వెళ్ళి కమ్మీకి మఫ్లరు కట్టి చోటు పట్టుకోవాలి. కోటు హాల్లోకి తీసుకెళ్ళనివ్వరు, బయట అప్పగించాలి. ఆదివారం అక్కడ దుకాణాలు మూసేస్తారు, కొనాల్సినవి శనివారమే కొనుక్కోవాలి. గదిలో కెటిల్ వాడే ముందు ఒకసారి నీళ్ళు మరిగించి పారబోయాలి.

"కెటిల్ ఉంటుందిగా, బానే ఉంది," అన్నాడు ఆయన. "మార్నింగ్స్ నువ్వు టీ పెట్టొచ్చు."

"నేను పెట్టను. ఫోన్ చేస్తే తెస్తారు."

"దానికి ఎంత తీసుకుంటారో ఏమో."

నా ఒళ్ళు మండింది. నోటుబుక్కు మూసి కిటికీ వైపు తిరిగాను.

మూడూ నలభైకి గోల్‌బర్న్ చేరాం. శాంతి ఇంకా రాలేదు. గొర్రె బొమ్మ ముందు పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. నేను బంకు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ వచ్చే ప్రతి తెల్ల కారులోకీ తొంగి చూశాను. పావుగంటకి వచ్చింది. నిన్నటి జడ, ఉబ్బిన కళ్ళు, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు. నేను ఆమెని కౌగిలించుకుని సంచి లాక్కున్నాను, రెండూ ఒకేసారి.

"తప్పు నాదే అక్కా. ఫ్రైడే మార్నింగ్ బావగారు వచ్చి ఏదో బ్యాగ్‌లోంచి తీసుకెళ్ళారు కదా, ఇంపార్టెంట్‌వి అన్నీ తీసేసుకున్నారేమో అనుకున్నా. లేకపోతే వెళ్ళేముందు మీ గుమ్మంలోనైనా పెట్టేదాన్ని."

శుక్రవారం పొద్దున్న నేను డ్యూటీలో ఉన్నాను. తిరిగి మా ఆయన్ని చూశాను. ఆయన గొర్రె బొమ్మని చూస్తున్నాడు.

పౌచ్ జిప్పు తీశాను. ఒకే పాస్‌పోర్టు ఉంది. నాది.

"నాది నా దగ్గరే ఉందిలే భానూ. లాప్‌టాప్ బ్యాగ్‌లో," అన్నాడు ఆయన తొందరగా.

కారు బానెట్ మీద ఆ బ్యాగు ఖాళీ చేశాడు. ఛార్జర్లు, తలనొప్పి మాత్రలు, జీడిపప్పు పొట్లం, ఏవో సంతకం చేసిన కాగితాలు. పాస్‌పోర్టు లేదు. మళ్ళీ వెతికాడు. జేబులు చూసుకున్నాడు, సూట్‌కేసు తెరిచి చొక్కాల మడతల్లో చూశాడు, కారు సీట్ల కింద చెయ్యి పెట్టాడు. శాంతి ఏం చెయ్యాలో తెలియక నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

"పర్రమటాలో ఏజెన్సీ ఆఫీసు," అన్నాడు చివరికి. "ఫొటోకాపీ మెషీన్ మీద పెట్టా. ఒరిజినల్ చూడాలన్నారు. తీసుకున్నాననుకున్నా."

"ఏ ఏజెన్సీ? దేనికి చూడాలి?"

ఆయన ఆ నంబరుకి ఫోన్ చేశాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా తొమ్మిది నుంచి అయిదు వరకే ఆఫీసు ఉంటుందని రికార్డు చేసిన గొంతు చెప్పింది. స్పీకరులో అందరం విన్నాం.

శాంతిని పంపించేశాను. హాస్పిటల్లో చెల్లెల్ని వదిలి వచ్చిన పిల్లని మా రభసలో నిలబెట్టడం ఎందుకు. బానెట్ మీద కాగితాలు గాలికి లేస్తుంటే తీసి చదివాను. కొత్త కాంట్రాక్టు. బుధవారం మొదలు. మొదటి రెండు వారాలు ఆన్‌లైన్.

"బుధవారం మనం వియన్నాలో ఉంటాం," అన్నాను.

"హోటల్ రూమ్ నుంచి లాగిన్ అవుదామనుకున్నా. వాళ్ళు సిడ్నీ టైమ్ అడిగితే నైట్ అంతా కూర్చుని, డేటైమ్ పడుకుంటా. నువ్వు ఆ కాఫీ షాపులూ అవీ చూసుకోవచ్చు. మధ్యలో వచ్చి కాస్త ఏదైనా..."

"ఏదైనా ఏంటి?"

"రైస్ కుక్కర్ చిన్నది పెట్టా సూట్‌కేస్‌లో."

కోపం కంటే ముందు ఏడుపు వచ్చింది, పెట్రోలు బంకులో, ఎండలో, అందరి ముందూ. అయిదు రాత్రులూ ఆ గదిలో ఏం జరిగేదో నాకు కళ్ళకి కట్టింది. తెరలు వేసి ఆయన పగలు పడుకుంటాడు. తలుపుకి డిస్టర్బ్ చెయ్యొద్దని బోర్డు. సర్దే అమ్మాయి లోపలికి రాదు. పక్క నేను సర్దుతాను, అన్నం నేను వండుతాను, స్నానాల గదిలో గిన్నె నేను కడుగుతాను. ప్రపంచంలో ఏ హోటల్‌కి వెళ్ళినా నేను ట్రాలీ తోస్తూనే ఉంటాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. రెండేళ్ళ క్రితం కాంట్రాక్టు లేక ఏడు నెలలు ఇంట్లో ఉన్నాడు, నా జీతంతో ఇల్లు నడిచింది, అప్పట్నుంచి ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు. కాదంటే ఇంకొకరికి ఇచ్చేస్తారనే భయం. ఆ భయం నాకు తెలుసు, జాలి కూడా ఉంది. కానీ నాకు చెప్పలేదు. సినిమాలు చూసుకోవడానికన్నాడు.

ఏడుపు తుడుచుకుని అడిగాను. "రేపు పొద్దున్న పాస్‌పోర్టు తెచ్చుకుని మంగళవారం ఫ్లైటెక్కండి. ఆ కంపెనీకి ఒక వారం ఆగమని చెప్పండి. నేను ఈ రాత్రి వెళ్ళి అక్కడుంటా. వస్తారా?"

ఆయన కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు.

"వారం ఆగమంటే ఆగరు భానూ. ఇద్దరం నెక్స్ట్ మంత్ వెళ్దాం. టికెట్లు మారుద్దాం. నేను చూసుకుంటా."

ఇరవయ్యో పెళ్ళిరోజుకీ నెక్స్ట్ మంత్ అన్నాడు. సిటిజన్‌షిప్ వచ్చినప్పుడూ అదే మాట.

"ఎయిర్‌పోర్టుకి పోనివ్వండి," అన్నాను.

తిరుగు దారంతా ఆయన కారు నడుపుతూనే నచ్చచెప్పాడు. భాష రాదన్నాడు. ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారన్నాడు. ప్రస్థానం ఇద్దరి పేరా పెట్టామని, ఒకరు ఆగిపోతే మంచిది కాదని అన్నాడు. నేను పాస్‌పోర్టు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చున్నాను. మధ్యలో బ్రిస్బేన్‌లో యూనివర్సిటీలో చదువుతున్న మా అమ్మాయి వైశాలి ఫోన్ చేసింది. ప్రయాణానికి అంతా సిద్ధమా అని అడగడానికి. వాళ్ళ నాన్న స్పీకరు పెట్టి జరిగింది చెప్పి, మీ అమ్మకి నువ్వైనా చెప్పు అన్నాడు.

"మమ్, జస్ట్ గో," అంది అది. "డాడ్ విల్ సర్వైవ్. దేర్స్ ఫుడ్ ఇన్ ద ఫ్రీజర్, రైట్?"

ఉంది. వారానికి సరిపడా నేనే వండి పెట్టాను. ఇద్దరం వెళ్తున్నప్పుడు ఫ్రీజర్ ఎందుకు నింపానో నాకే తెలియదు. తిరిగొచ్చిన రోజుకని అనుకున్నాను. ఆ మాట అనుకోగానే నవ్వొచ్చింది, ఆయన ఎందుకు నవ్వుతున్నావని అడిగాడు, చెప్పలేదు.

ఎయిర్‌పోర్టు చేరేసరికి ఆరున్నర. కారు ఆపి నా సూట్‌కేసు ఒక్కటే దించాడు. దించాక చక్రాలు సరిగ్గా తిరుగుతున్నాయా అని రెండడుగులు లాగి చూశాడు. ఇరవై అయిదేళ్ళలో ఆయన లేకుండా నేను విమానం ఎక్కింది లేదు. ఇంకొక్క మాట మెత్తగా అన్నాడంటే ఆగిపోతానేమోనని భయమేసింది, అందుకే తొందరగా హ్యాండిల్ అందుకున్నాను.

వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. ఆయన డ్రైవరు సీటు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆ ముఖంలో కోపం లేదు. నిజంగా అర్థం కాకే అడిగాడు.

"అంత దూరం వెళ్ళి ఒక్కదానివీ ఏం చేస్తావ్ భానూ?"

"ఏమీ చెయ్యనండీ," అన్నాను. "అందుకే వెళ్తున్నా."